సినిమా చూశాం సరే, ఏం చూశాం?



మన హాస్టల్లో సినిమా అయిపోగానే వినిపించే మాటలు మూడే మూడు: "సూపర్", "పర్వాలేదు", "బోర్". కానీ అసలు ముచ్చట అక్కడ ఉండదు. ప్లేటు పట్టుకుని మెస్ లైన్లో నిలబడ్డాక మొదలవుతుంది. హీరో అట్లెందుకు చేసిండు, ఆ అమ్మాయి ఎందుకు ఊరుకుంది, గట్ల ఎక్కడన్నా జరుగుతదా అని ఒకరి మీద ఒకరు ఎగబడతాం. పప్పు చల్లారినా వాదన చల్లారదు.

ఆ మాటలన్నీ గాలికి పోకుండా కొన్నింటిని ఈ వార్షికోత్సవ సంచికలో పెడదామని అనుకున్నాం. మేము విమర్శకులం కాము. కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి పెద్దగా తెలియదు. కానీ చూసిన సినిమాను నాలుగు ప్రశ్నలతో మళ్ళీ చూస్తే మనకేం మిగులుతుందో చెప్పగలం. తమ్ముళ్ళకు ఇది పనికొస్తుంది. పూర్వ విద్యార్థులైన అన్నలకు వాళ్ళ కాలపు ముచ్చట్లు గుర్తుకొస్తాయి.

అప్పుడు దూరదర్శన్, ఇప్పుడు అన్నీ

అన్నలు చెబితే విన్నాం. వాళ్ళ కాలంలో టి.వి. అంటే దూరదర్శన్ ఒక్కటే. వారానికి ఒక తెలుగు సినిమా. మధ్యలో కరెంటు పోతే మిగతా కథ ఎవరికి వారే ఊహించుకోవాలి. యాంటెన్నా తిప్పడానికి ఒకడు మేడ మీద, "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరవడానికి ఒకడు కింద.

ఇప్పుడు ఛానళ్ళకు లెక్కలేదు. సెలవులకు ఇంటికి పోతే ఫోన్లలో ఓ.టి.టి. సినిమాలు. కొరత సినిమాలకు కాదు, చూసిన దాని గురించి కాసేపు ఆలోచించడానికే. ఒకటి అయిపోకముందే ఇంకొకటి మొదలవుతుంది.

షూటింగ్ మన పక్కనే

శంషాబాద్ వాళ్ళకు సినిమా దూరపు వస్తువు కాదు. నర్కూడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడిలో ఎన్నో తెలుగు సినిమాల షూటింగులు జరిగాయి. ఆ ఎత్తయిన గోపురం, పాత కోనేరు, చుట్టూ కొబ్బరి చెట్లు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. తెర మీద ఆ గుడి గోదావరి ఒడ్డు పల్లెలో ఉండొచ్చు, రాయలసీమలో ఉండొచ్చు. మనకు మాత్రం అది అమ్మపల్లే.

షూటింగ్ చూసినవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుస్తుంది. తెర మీద ఒక్క నిమిషం కనిపించే దానికి ఒక పూటంతా పడుతుంది. ఒకే మాటను పదిసార్లు చెప్పిస్తారు. ఎండ ఎక్కువైతే గుడ్డ అడ్డం పెడతారు, తక్కువైతే లైటు పెడతారు. జనం కావాలంటే జనాన్ని కూలికి తెస్తారు. అంటే తెర మీద కనిపించే ప్రతిదీ ఎవరో ఒకరు కావాలని పెట్టిందే. ఏది పెట్టాలో ఎంచుకున్నట్టే, ఏది తీసెయ్యాలో కూడా ఎంచుకుంటారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న మాటకు ఇదే మూలం. ఏం చూపించారో చూడాలి, ఏం చూపించలేదో కూడా చూడాలి.

తెర మీది ఎయిర్‌పోర్టు, మన ఎయిర్‌పోర్టు

దీనికి మన పక్కనున్న ఎయిర్‌పోర్టు కంటే మంచి ఉదాహరణ లేదు. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని 2008 మార్చి 14న ప్రారంభించారు. అదే నెల 23 నుంచి విమానాలు నడిచాయి. అంతకుముందు హైదరాబాద్‌లో విమానమంటే బేగంపేటే. సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన ఈ విమానాశ్రయం నేల ఒకప్పుడు ఊళ్ళది, పొలాలది. 2008కి ముందు ఇక్కడ చదివిన అన్నలకు ఆ ఊళ్ళు తెలుసు. తర్వాత వచ్చిన మనకు విమానం చప్పుడు లేని రాత్రి తెలియదు.

సినిమాల్లో ఎయిర్‌పోర్టుకు రెండే పనులు. మొదటిది, ఫారిన్ నుంచి హీరో నల్లద్దాలు పెట్టుకుని దిగడం. రెండోది, హీరోయిన్ విమానం ఎక్కబోతుంటే హీరో పరుగెత్తుకుంటూ వచ్చి ఆపడం. టికెట్టు లేకుండా లోపలిదాకా పోవడం హీరోకే చెల్లింది. మనం పోతే సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను గేటు దగ్గరే ఆపుతాడు.

మనకు తెలిసిన ఎయిర్‌పోర్టు వేరు. అక్కడ నేల తుడిచేవాళ్ళు, సామాన్లు ఎత్తేవాళ్ళు, ట్రాలీలు తోసేవాళ్ళు, రాత్రంతా క్యాబ్‌లో కూర్చునే డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు ఉంటారు. హీరో నడిచే ఆ అద్దంలాంటి నేల ఎవరు తుడిస్తే మెరిసిందో సినిమా చెప్పదు.

అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు ఇంకొకటి ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి బండ్లు వస్తాయి. ఒక్కడు గల్ఫ్‌కు పోతుంటే సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వస్తారు. చంకలో పసిపిల్లతో భార్య, ఏమీ మాట్లాడని తండ్రి. అక్కడ పరుగెత్తుకొచ్చి ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆపితే అప్పు తీరదు కదా!

అందుకే 'ది గోట్ లైఫ్' చూసినప్పుడు మాలో చాలామంది చాలాసేపు మాట్లాడలేదు. 2024 మార్చి 28న వచ్చిన ఈ మలయాళ సినిమా తెలుగులో కూడా విడుదలైంది. బెన్యామిన్ 2008లో రాసిన 'ఆడుజీవితం' నవల ఆధారంగా బ్లెస్సీ తీశారు. నిజంగా జరిగిన ఒక మనిషి కథే దానికి ఆధారం. నజీబ్‌గా పృథ్వీరాజ్ సుకుమారన్ నటించారు. సౌదీ ఎయిర్‌పోర్టులో దిగి, తీసుకుపోయేవాడి కోసం ఇద్దరు ఎదురుచూస్తుంటారు. ఎవడో వచ్చి బండెక్కించుకుని పోతాడు. భాష రాదు, ఎక్కడికో తెలియదు. ఎడారిలో మేకల మంద దగ్గర వదిలేస్తాడు. నీళ్ళు, తిండి, మాట్లాడే మనిషి ఏదీ లేదు.

ఈ సినిమా మీద మాలో వాదన జరిగింది. "గల్ఫ్ అంటే ఇంతేనా? మా బాబాయి అక్కడ సంపాదించే ఇల్లు కట్టిండు" అని ఒకరన్నారు. అదీ నిజమే. గల్ఫ్ డబ్బుతో పెళ్ళిళ్ళు చేసిన ఇళ్ళు, పిల్లలను చదివించిన ఇళ్ళు మనకు తెలుసు. ఒక మనిషి కథ అందరి కథ కాదు. కానీ ఆ ఒక్క మనిషికి అది జీవితమంతా. అంతకంటే ముఖ్యం, ఆ మోసం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడం.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మామూలుగా 'ఈ.సి.ఆర్.' రకంలోకి వస్తుంది. అంటే ఉద్యోగం కోసం గల్ఫ్ దేశాలకు, మరికొన్ని దేశాలకు పోయేముందు ప్రభుత్వం దగ్గర వలస అనుమతి తీసుకోవాలి. జీతం ఎంత, యజమాని ఎవరు అన్నది ముందే కాగితం మీద ఉండాలని ఈ ఏర్పాటు. దీన్ని తప్పించడానికి కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. చిక్కంతా అక్కడే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు దారి చూపుతుంది. మీ ఇంట్లో ఎవరైనా పోవాలనుకుంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. తమ్ముళ్ళూ, పదో తరగతి సర్టిఫికెట్టు విలువ ఎంతో ఇక్కడ కూడా తెలుస్తుంది.

మన మాట తెరకెక్కితే

ఒకప్పుడు సినిమాల్లో తెలంగాణ మాట వినిపిస్తే అది విలన్ నోటనో కమెడియన్ నోటనో అయ్యేది. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల భానుమతి హీరోయినై మన యాసలో మాట్లాడింది. అది నవ్వించడానికి పెట్టిన యాస కాదు, ఆమె మాటే అది. చివరికి అమెరికా అబ్బాయే బాన్సువాడకు వచ్చాడు. ఎయిర్‌పోర్టు కథ మొదటిసారి తిరగబడిందని మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

2023 మార్చి 3న వచ్చిన 'బలగం' ఇంకో మెట్టు పైకి పోయింది. వేణు ఎల్దండి దర్శకుడు. తాత కొమురయ్య చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకంటే ఇంట్లోవాళ్ళకు ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఆ పగ దేని మీద మొదలైందయ్యా అంటే, విందులో నల్లిబొక్క దగ్గర! మా మెస్‌లో చికెన్ రోజు జరిగే గొడవలు తెలిసినవాళ్ళెవరూ దీన్ని అతిశయోక్తి అనరు.

ఊళ్ళలో తెర కట్టి ఈ సినిమా చూపించారు. చూసి ఏడ్చిన అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లలో వచ్చింది. ఊరి మీద కాసర్ల శ్యామ్ రాసిన పాటకు 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ గీత రచన అవార్డు వచ్చింది. దాన్ని 2025 ఆగస్టులో ప్రకటించారు.

అయితే జనాన్ని ఏడిపించింది చివర్లో వచ్చే పాట. అది పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. బుడగ జంగాల కళాకారులు. ఎవరింట్లో చావు జరిగినా పోయి, పోయినవాళ్ళ గుణగణాలు పాడి, ఉన్నవాళ్ళను ఓదార్చడం వాళ్ళ తరతరాల విద్య. ఆ విద్యను ఊళ్ళలో చాలామంది అడుక్కోవడం కింద లెక్కేశారు. తెర మీదికి ఎక్కాక అదే కళ అయింది. మొగిలయ్య చాలాకాలం కిడ్నీ జబ్బుతో బాధపడి 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. మన ఇళ్ళలో డప్పు కొట్టేవాళ్ళు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, బతుకమ్మ పాట ఎత్తుకునే అమ్మమ్మలు ఉన్నారు. సినిమావాళ్ళు వచ్చి చెప్పేదాకా వాళ్ళ గొప్ప మనకు తెలియకుండా ఉండకూడదు.

పనిని చూపించిన సినిమా

హీరో ఏం పని చేస్తాడో చాలా సినిమాల్లో తెలియదు. పొద్దున లేచి ఫైటు చేస్తాడు, మధ్యాహ్నం పాట పాడతాడు. 2019లో వచ్చిన 'మల్లేశం' అట్లా కాదు. రాజ్ ఆర్. తీసిన ఈ సినిమాలో పనే కథ. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రియదర్శి ఆ పాత్ర వేశారు.

"ఆరో తరగతితో బడి మానేసినాయన ఇంత చేసిండు, ఇంక మనకు చదువెందుకు?" అని మాలో ఒకరు జోకేశారు. దానికి జవాబు కూడా సినిమాలోనే ఉంది. ఆయన బడి మానింది చదువు ఇష్టం లేక కాదు, ఇల్లు గడవక. మనకు హాస్టల్ ఉంది, ఆయనకు లేదు. తేడా అదే.

నిజమెంత, కల్పన ఎంత

'జై భీమ్' 2021 నవంబర్ 2న ఓ.టి.టి.లో వచ్చింది. టి.జె. జ్ఞానవేల్ దర్శకుడు, సూర్య హీరో. జైలు నుంచి విడుదలైనవాళ్ళను గేటు దగ్గరే కులం అడిగి, కొందరిని పక్కకు నిలబెట్టే మొదటి సీను ఎవరూ మరచిపోరు. 1993లో తమిళనాడులో జరిగిన కేసు దీనికి ఆధారం. ఆ కేసు వాదించిన కె. చంద్రు తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

సినిమాలో బాధితులు ఇరుళర్ తెగవాళ్ళు. అసలు కేసులో పోలీసు దెబ్బలకు చనిపోయిన వ్యక్తి కురవర్ సముదాయం మనిషి. కథ కోసం సినిమావాళ్ళు మార్చుకుంటారు. అందుకే 'నిజ సంఘటనల ఆధారంగా' అని వేసినంత మాత్రాన ప్రతిదీ నిజమనుకోకూడదు. అట్లాగని అంతా అబద్ధమనీ కాదు. తెలుసుకోవాలనిపిస్తే చదవాలి. సివిక్స్ పుస్తకంలో కంఠస్థం చేసిన 'హెబియస్ కార్పస్' అనే మాట మాకు ఈ సినిమాతోనే అర్థమైంది. మనిషి ఎక్కడున్నాడో చూపించండి, కోర్టు ముందుకు తీసుకురండి అని అడగడం. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టు ఇలాంటి రిట్ జారీ చేయగలదు.

ఇందులో హీరో ఎవరన్నది మా ఇంకో వాదన. సగం మంది లాయర్ అన్నారు. మిగతా సగం చినతల్లి అన్నారు. డబ్బు తీసుకుని కేసు వదిలెయ్యమంటే కాదని చెప్పింది ఆమే. లాయర్ వాదించాలన్నా ముందు ఆమె నిలబడాలి. చివర్లో ఆమె కూతురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంది. ఆ ఒక్క బొమ్మ మా నోట్‌బుక్కుల అట్టల మీదికి ఎక్కింది.

మన ఇంటి కథ అనదగ్గది 'పూర్ణ'. 2017 మార్చి 31న వచ్చిన హిందీ సినిమా. రాహుల్ బోస్ తీశారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పుడు ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. మన సంక్షేమ బడి పిల్ల కథ మీద సినిమా రావడం మాకు గర్వం.

కానీ ఒక సంగతి అడుగుతాం. అదే రోజు అదే శిఖరం ఎక్కిన ఇంకో గురుకుల విద్యార్థి ఎవరు? మాలో నలుగురైదుగురు తప్ప ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన పేరు సాధనపల్లి ఆనంద్ కుమార్, ఖమ్మం జిల్లావాడు. శిఖరం ఒకటే, ఎత్తు ఒకటే. సినిమా ఎవరి పేరు పెట్టుకుంటే వాళ్ళే గుర్తుంటారు. మిగతావాళ్ళను గుర్తుపెట్టుకోవడం చూసేవాళ్ళ పని.

వంటలక్క, నల్లపిల్ల, నవ్వులాట

సీరియళ్ళు ఆడవాళ్ళకే అంటారు గానీ 'కార్తీక దీపం' టైముకు మా హాల్లో చోటు దొరికేది కాదు. 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా 1,500 ఎపిసోడ్లకు పైగా నడిచింది. భర్త అనుమానించి దూరం పెడితే, వంట చేసుకుని పిల్లను పెంచుకున్న దీపను జనం 'వంటలక్క' అని పిలుచుకున్నారు. ఆ మాట అప్పుడు గౌరవంగానే వచ్చింది. అదే మాటను మన వంటశాలలో తెల్లవారుజామున లేచి వందమందికి వండే అమ్మను వెక్కిరించడానికి వాడితే గౌరవమెట్లా అవుతుంది?

దీప నల్లగా ఉంటుంది, అందుకే ఆమెకు అన్ని అవమానాలు. కథ బాగానే ఉంది. అయితే ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్‌కు నల్లగా కనిపించడానికి మేకప్ వేశారు. నల్లపిల్ల కథ చెప్పడానికి కూడా నల్లపిల్లకు అవకాశం రాలేదన్నమాట.

టి.వి.లో కామెడీ స్కిట్లు మాకూ ఇష్టమే. కడుపుబ్బ నవ్వుతాం. కానీ రంగు మీద, పొట్టితనం మీద, నత్తి మీద వేసిన జోకు తెల్లారేసరికి మన గదుల్లో ఒకరికి పేరై కూర్చుంటుంది. అది టెన్త్ దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా పోదు. వాడు కూడా నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నవ్వుతాడు. ఇది ఆపడం ఛానల్ చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

అభిమానం ఎంతవరకు

హీరోల కోసం కొట్టుకునే తమ్ముళ్ళకు ఒక్క మాట. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్‌కు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. తప్పెవరిదన్నది కోర్టులు చూసుకుంటాయి. సినిమా మరుసటి వారం కూడా ఆడుతుంది. పోయిన మనిషి మళ్ళీ రాదు. హీరోను ఇష్టపడదాం, పక్కమంచం వాడితో మాట్లాడటం మాత్రం మానొద్దు.

సినిమా అయ్యాక ఐదు ప్రశ్నలు

1. ఇది ఎవరి కథ? మనలాంటివాళ్ళు ఇందులో ఎక్కడున్నారు, ముందా, గుంపులోనా?

2. ఇందులో ఎవరు పని చేస్తున్నారు? ఆ పనిని చూపించారా, దాచారా?

3. మనల్ని ఎవరిని చూసి నవ్వమన్నారు? ఆ చోట మన అమ్మో చెల్లెలో ఉంటే నవ్వేవాళ్ళమా?

4. నిజమెంత, కల్పన ఎంత? తెలుసుకోవడానికి ఏం చదవాలి?

5. చూపించనిది ఏమిటి?

ఈ ప్రశ్నలు వేస్తే సినిమాలో మజా పోతుందని కొందరన్నారు. మాకట్లా అనిపించలేదు. పాటలకు విజిల్ వేస్తూనే ఉన్నాం, ఫైట్లకు చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఒక్క సినిమా మూడు రోజులు మాట్లాడుకోవడానికి వస్తోంది, అంతే తేడా.

అందుకే ఒక మనవి. ఇకనుంచి చూసిన ప్రతి సినిమా మీద ఐదు వాక్యాలు రాసి హాస్టల్ గోడ పత్రికకు ఇవ్వండి. అక్షర దోషాలున్నా ఫర్వాలేదు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు మీ కాలంలో మిమ్మల్ని కదిలించిన సినిమా ఒకటి చెప్పి పోండి, మేము వెతికి చూస్తాం. మన హాస్టళ్ళ నుంచి లాయర్లు, ఇంజినీర్లు, టీచర్లు వచ్చారు. కథలు రాసేవాళ్ళు, కెమెరా పట్టేవాళ్ళు కూడా రావాలి. అప్పుడు తెర మీద ఎయిర్‌పోర్టు కనిపిస్తే, హీరో వెనకాల నేల తుడుస్తున్న ఆమె ముఖం మీద కూడా కెమెరా కాసేపు ఆగుతుంది.